వాగు వెంట మా డీఈ గారు

తెల్లవారుజాము నుంచీ ముసురు పట్టింది. డిసెంబరు నెలలో ఈ ముసురేమిటని ఆఫీసులో అందరూ విసుక్కుంటున్నారు. అమ్మాజీకి మాత్రం వానాకాలమైనా చలికాలమైనా ఒకటే. కాలవ గట్టు మీద తన షికారు ముగించుకుని, వరండా దాటి నేరుగా నా గదిలోకి వచ్చి, బల్ల పక్కన నిలబడి తల నుంచి తోక దాకా ఒళ్ళు విదిలించుకుంది. నా చీర, బల్ల మీది కాగితాలు, గోడ మీది క్యాలెండరు అన్నీ తడిశాయి. తడిసిన కుక్క వాసన, నానిన గోనెసంచి వాసన లాంటిది, గదంతా కమ్ముకుంది. కోప్పడదామని నోరు తెరిచి మళ్ళీ ఊరుకున్నాను. అమ్మాజీ కుక్కే అయినా ముసలిది, ఒక కంటికి పొర కమ్మింది, చెప్పినా వినదు. అది పెరిగిన ఇల్లు అలాంటిది. ఆ ఇంట్లో ఒకరు చెబితే వినే అలవాటు ఎవరికీ లేదు, ఇంటి యజమానికి అసలే లేదు.

ఆ యజమాని దైవసహాయం గారు. ధవళేశ్వరం దగ్గర మా ఇరిగేషన్ సబ్‌డివిజనుకి డీఈగా, అంటే డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా, పనిచేశారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన కింద అసిస్టెంట్ ఇంజనీర్ని, ఏఈని. పోయిన శ్రావణంలో ఆయన కాలం చేశారు. చనిపోయిన వాళ్ళ గురించి రాసేటప్పుడు సౌమ్యులు, మృదుభాషి అని మొదలుపెట్టడం మర్యాద. ఆ మర్యాద నాకు చేతకావడం లేదు. నా జీవితంలో నన్ను ఇంతగా విసిగించిన మనిషి ఇంకొకరు లేరు. ఆయనతో పనిచేసిన అన్నాళ్ళూ రోజూ సాయంత్రం ఇంటికొచ్చి మా అమ్మకి ఫోన్ చేసి, ఏం మనిషే బాబూ ఈయన, అని మొత్తుకునేదాన్ని. నేను ఇవాళ ఇలా ఉండడానికి కారణం కూడా ఆయనే. ఆ సంగతి ఆయన ఉండగా చెబితే, కాదని వాదించేవారు.

మొదటి రోజే నన్ను జీపు ఎక్కనివ్వలేదు. కాలవ చూడాలంటే నడవాలన్నారు. అలాగేనని బయల్దేరితే, లాకుల దగ్గర నుంచి శివారు పొలాల దారి పట్టించి, మిట్టమధ్యాహ్నం ఎండలో గట్టు వెంట నడిపించారు. వెనక ఆయన కుక్కలు మూడూ. వాటిలో ముందు నడిచే గోధుమరంగు ఆడకుక్క అమ్మాజీ. ఏది పెట్టినా లోపలికి పోయేదానికి తూము అని పేరు. పొద్దస్తమానం నోరు మూయకుండా మొరిగేదాని పేరు షట్టరు, ఎప్పటికైనా మూసుకుంటుందన్న ఆశతో పెట్టారట. నాకు కుక్కలంటే భయం. ఆ మాట చెబితే, వాటికి కూడా కొత్త ఏఈలంటే భయమే, అలవాటు పడతాయి అన్నారు. సాయంత్రానికి నా కాళ్ళు బొబ్బలెక్కాయి, దారి తెలియడం లేదు, ఫోన్లో చార్జింగ్ అయిపోయింది. ఆయన మాత్రం నింపాదిగా చేత్తో కాలవ చూపించారు.

“నీళ్ళు మనిషి దగ్గరికే పోతాయమ్మాయ్. నీళ్ళ వెంట నడిస్తే ఊరు తగలక మానదు.”

అన్నట్టే కాసేపటికి ఊరు తగిలింది. టీ కొట్టు తగిలింది. ఆ మాట ఆయనకి వేదవాక్కు. ఆయన క్రైస్తవుడు, వాళ్ళ తాతల కాలం నుంచీ లూథరన్ చర్చికి వెళ్ళే కుటుంబం. అయినా ఆదివారం పాస్టరు గారు చెప్పిన వాక్యం మీద కూడా ఆయనకి రెండు మూడు అభ్యంతరాలు ఉండేవి. నీళ్ళ వెంట నడవడం అన్న మాట మీద మాత్రం ఎప్పుడూ ఏ అభ్యంతరమూ లేదు. మా నేలలో అది నిజం కూడా. రామచంద్రపురం పక్క పల్లెలో పుట్టిన నాకూ చిన్నప్పటి నుంచీ తెలిసిన నిజమే. పొలం వెళ్ళి దారి తప్పితే బోదె వెంట నడిస్తే పంట కాలవ వస్తుంది, పంట కాలవ వెంట నడిస్తే ఊరొస్తుంది.

ఆయనతో అసలు చిక్కు నడక కాదు. ఆయనకి ఏ జవాబు చెప్పాలో తెలియకపోవడం. రెండో పంట దాళ్వాకి నీళ్ళు వదిలిన కొత్తలో ఒకసారి, ఫలానా తూము గేటు రేపటి నుంచి సగానికి దించేయమన్నారు. ముందు రోజే నేను శివారుకి వెళ్ళి వచ్చాను. అక్కడ నారుమళ్ళు నెర్రెలిచ్చి ఉన్నాయి. దించితే ఉన్న నాలుగు చుక్కలూ రావు. అయినా పై అధికారి చెప్పారు కదా అని, సరేనండి, అన్నాను. మర్నాడు రైతులు ఆఫీసు మీదికి వచ్చి నానా మాటలూ అన్నారు. వాళ్ళని పంపించి ఆయన నన్ను పిలిచారు. నారు ఎండుతోందని నీకు తెలుసా అని అడిగారు. తెలుసన్నాను. మరి నోరెందుకు ఎత్తలేదన్నారు. మీరు చెప్పారు కదండీ, అన్నాను.

“నేను సవాలక్ష చెబుతాను. నువ్వెందుకు సరేనన్నావు? ఇంకెప్పుడూ నా దగ్గర సరేనండి అనకమ్మాయ్.”

పోనీ ఆయన కోరినట్టే ఎదురు చెబితే సంతోషిస్తారా? అదీ లేదు. బల్ల మీద గుద్ది మరీ వాదించేవారు. మధ్యాహ్నం మొదలైన వాదన గేట్లు మూసే వేళ దాకా సాగేది. నాకు గొంతు పోయేది. చివరికి నువ్వు చెప్పింది శుద్ధ తప్పు అని తేల్చేసి వెళ్ళిపోయేవారు. మర్నాడు పొద్దున్న చూస్తే పని నేను చెప్పినట్టే జరిగిపోయి ఉండేది. దాని గురించి ఒక్క ముక్క మాట్లాడేవారు కాదు. ఇదెక్కడి పద్ధతండీ అని వాళ్ళావిడ కమలమ్మ గారి దగ్గర గోలపెడితే, ఆవిడ నవ్వి, పెళ్ళయిన నాటి నుంచీ నేను పడుతున్నదే కదమ్మా, అనేవారు.

ఆయన రిటైరయ్యే డిసెంబరు వచ్చింది. నెలాఖరుకి లాకుల పక్కన క్వార్టరు ఖాళీ చేయాలి. రాజమండ్రిలో కూతురు కొన్న ఫ్లాటు ఉంది, అక్కడికి మారాలి. అపార్ట్‌మెంటు వాళ్ళు కుక్కలు కుదరవని ఖరాఖండీగా చెప్పేశారు. అన్నీ ఎదిరించే మనిషి ఆ ఒక్క దగ్గర ఏమీ చేయలేకపోయారు. తెలిసిన వాళ్ళందరికీ ఫోన్లు చేశారు. ఒకరు ఒక్కదాన్ని తీసుకుంటామన్నారు, ఒకరు పిల్లయితే సరే అన్నారు. మూడింటినీ కలిపి తీసుకునే వాళ్ళు కావాలని ఈయన పట్టు. వీధిలో వదిలేసి పోవడానికి ప్రాణం ఒప్పదు. రాత్రిళ్ళు నిద్ర పోవడం లేదని కమలమ్మ గారు చెప్పారు. ఆఫీసులో మా మీద అరవడం కూడా తగ్గించేశారు. అది చూసి నాకు నిజంగా భయం వేసింది.

చివరికి కమలమ్మ గారి తమ్ముడు యోహాను గారు ఆదుకున్నారు. ఆయన రంపచోడవరం అవతల ఏజెన్సీలో, ఒక కొండ మీది గూడెంలో బడి పంతులు. అడవిపందులు చేలు పాడుచేస్తున్నాయి, కుక్కలుంటే మంచిది, మూడూ తీసుకురమ్మన్నారు. కొండ దిగువ దాకా ట్రాలీ ఆటో పోతుంది. అక్కడి నుంచి కాలినడకే. క్రిస్మస్ ఇంకా వారం ఉండగా ఒక ఆదివారం, చర్చికి కూడా వెళ్ళకుండా, ఈయన ప్రయాణం కట్టారు. కమలమ్మ గారికి మోకాళ్ళ నొప్పులు. ముందు రోజు సాయంత్రం నన్ను పిలిచి, ఆయనతో నువ్వెళ్ళమ్మా, అన్నారు. కొండలు నాకేం తెలుసు, కుక్కలంటే భయం, ఆయన నా మాట వినరు, అని మూడు కారణాలు చెప్పాను.

“ఎవరి మాటా వినరులే. నీతో అయితే కనీసం పోట్లాడతారు,” అన్నారావిడ.

అలా నా ఖర్మ కొద్దీ ఆ ఆదివారం తెల్లవారకుండానే ట్రాలీ ఆటోలో మూడు కుక్కల మధ్య కూర్చున్నాను. గోకవరం దాకా మంచు. ముందు పోయే లారీ కూడా కనపడటం లేదు. ఆయన మంకీ క్యాపు, దాని మీద మఫ్లరు, లోపల స్వెట్టరు, ఆ పైన ఇంకో స్వెట్టరు వేసుకుని డ్రైవరు పక్కన కూర్చుని అతనికి డ్రైవింగ్ నేర్పిస్తున్నారు. నేను గొడుగు తెచ్చుకున్నాను. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందని ముందు రోజు వార్తల్లో చెప్పారు. ఆ గొడుగు చూసి ఆయన నవ్విన నవ్వు ఇప్పటికీ నాకు గుర్తు. వానల లెక్కలు రాస్తూ జుట్టు నెరిసిన వాడికి వాన సంగతి నువ్వు చెబుతావా, ఆ అల్పపీడనం ఒరిస్సా పోతుంది, మనకి చుక్క రాదు, అన్నారు. కొండ దిగువన మమ్మల్ని దింపుతూ డ్రైవరు ఆకాశం కేసి చూసి, ఆయ్, వానొచ్చేలా ఉందండి, అన్నాడు. అతనికీ అదే నవ్వు దక్కింది.

మొదట జీడిమామిడి తోటల్లో దారి. మంచు విడిపోయి సుర్రుమని ఎండ కాసింది. ఆయన ఒక స్వెట్టరు విప్పి నా చేతికిచ్చారు. కొంచెం దూరం పోయాక రెండోది, ఆ తర్వాత మఫ్లరు, ఆ తర్వాత ఫ్లాస్కు. మంకీ క్యాపు మాత్రం తీయలేదు. ఒక చేత్తో ఆయన సామాను, ఒక చేత్తో తూము తాడు పట్టుకుని నేను ఎక్కుతున్నాను. ఆ తూము ప్రతి చెట్టు దగ్గరా ఆగి, నేల మీద ఏముంటే అది నోట్లో వేసుకుంటోంది. షట్టరు కనపడిన ప్రతి ఉడతతోనూ తగువు పెట్టుకుంటోంది. అమ్మాజీ ఒక్కతే బుద్ధిగా నడుస్తోంది. కాళ్ళు లాగుతున్నాయి. ఈయన దారి పొడుగునా, పెంచిన జంతువుని ఇంకొకరికి అప్పగించే పద్ధతి గురించి నాకు పాఠం చెబుతున్నారు. అన్నం పెట్టే చేయి మారగానే మనం లేచి రావాలట. ఏడవకూడదట. వెనక్కి తిరిగి అసలే చూడకూడదట. చూస్తే అవి వెంటపడతాయట. ఆ పాఠం మూడుసార్లు విన్నాను. ఎవరికి చెప్పుకుంటున్నారో రెండోసారికే అర్థమైంది కానీ, చేతుల్లో అంత బరువుతో జాలిపడే ఓపిక నాకు లేకపోయింది.

వెదుళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఎండ పోయింది. ఈదురుగాలి లేచింది. చిన్న తుంపర మొదలై, చూస్తుండగానే వాన అందుకుంది. ఆయన ఏమంటారోనని చూశాను. ఇది వాన కాదమ్మాయ్, కొండ మీద ఇలాగే కురుస్తుంది, అన్నారు. గొడుగు తెరిచాను. అది నా చేతిలోంచి తీసుకున్నారు. పోనీ పెద్దాయన, తడిస్తే జలుబు చేస్తుంది అనుకున్నాను. ఆయన ఆ గొడుగు షట్టరుకి పట్టారు. వాన పడితే దానికి వణుకు వస్తుందట. ఆ కుక్క నా గొడుగు కింద దర్జాగా నడుస్తుంటే, వెనకాల నేను ముద్దగా తడుస్తూ, ఆయన స్వెట్టర్లు తడవకుండా చీర కొంగు కింద దాచుకుంటూ నడిచాను. ఒళ్ళు మండిపోయింది. అయినా ఏమీ అనలేదు. ఇంకో పది రోజుల్లో వెళ్ళిపోయే మనిషి, ఎందుకులే అని పళ్ళు బిగబట్టాను.

వాన కొంచెం తెరిపి ఇచ్చేసరికి మేఘం కిందికి దిగిపోయింది. ముందు నడిచే ఆయనే మసకగా కనిపిస్తున్నారు. కాలిబాట గడ్డిలో ఎక్కడో తప్పిపోయింది. ఫోన్లో సిగ్నల్ లేదు. ఎటు చూసినా తెల్లగా ఉంది, చప్పుడు లేదు. షట్టరు కూడా నోరు మూసుకుంది. అంతలో పక్కన నీళ్ళ గలగల వినిపించింది. చిన్న వాగు, రాళ్ళ మధ్య నుంచి కిందికి పారుతోంది. దాన్ని చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది. ఇంకేముంది, నీళ్ళు దొరికాయి, పద, దీని వెంట పోతే గూడెం వచ్చేస్తుంది అన్నారు. నిజం చెప్పాలంటే నాకూ ఆ క్షణంలో ప్రాణం లేచి వచ్చింది. పుట్టి పెరిగిన నేల నేర్పిన తెలివి అది, చెప్పుల్లో మట్టిలాగా మాతో పాటే కొండెక్కింది. ఇద్దరం వాగు వెంట దిగడం మొదలుపెట్టాం.

కాసేపు దిగాక రాళ్ళు పెద్దవయ్యాయి, పాచి పట్టి జారుతున్నాయి. నీళ్ళ చప్పుడు మారింది. కిందెక్కడో పెద్దగా హోరు వినిపిస్తోంది. అక్కడ అమ్మాజీ కూర్చుండిపోయింది. ఆయన తాడు పట్టి లాగారు. లేవలేదు. బతిమాలారు, బిస్కెట్ చూపించారు, తిట్టారు. లేవలేదు. దాన్ని చూసి మిగిలిన రెండూ కూర్చున్నాయి. తూము బిస్కెట్ వైపు కూడా చూడలేదు. మేము ఎక్కాల్సిన గూడెం కొండ మీద ఉంటే దిగుతున్నామేమిటని అప్పుడు తట్టింది నాకు. సార్, వెనక్కి పోదాం, అన్నాను. ఆయన వినలేదు. మొండి ముండలు, వీటిని ఎత్తుకుని పోదాం, నువ్వు తూముని ఎత్తుకో, అన్నారు. ఒక కాలు అప్పుడే కింది రాయి మీద వేశారు. రాయి కదిలింది. ఆయన తూలి, వెదురు బొంగు పట్టుకుని నిలదొక్కుకుని, అయినా సరే రెండో కాలు వేయబోయారు. పొద్దున్నించీ బిగబట్టిందంతా నా నోట్లోంచి ఒక్కసారిగా బయటికొచ్చింది.

“మీకు మతి పోయిందా సార్? ఇది మన కాలవ కాదు. దీన్ని మన డిపార్టుమెంటు తవ్వలేదు. దీనికి మనిషీ తెలీదు, ఊరూ తెలీదు. నేను ఒక్క అడుగు కూడా రాను, మిమ్మల్ని కూడా పోనివ్వను.”

అని ఆయన చొక్కా పట్టుకున్నాను. మా డీఈ గారి చొక్కా. ఆయన మంకీ క్యాపు కొస నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఇంక నా పని అయిపోయింది అనుకున్నాను. ఆయన మెల్లగా పైకి వచ్చి అమ్మాజీ పక్కన రాయి మీద కూర్చున్నారు.

“అయితే ఎటు పోదామంటావ్?” అన్నారు.

ఆయన నన్ను అలా అడగడం అదే మొదటిసారి. వాదించడానికి కాదు, నిజంగానే అడిగారు. నాకేం తెలుసు, కుక్కలకి తెలుసేమో వాటిని వదలండి, అన్నాను. ఆయన చేతులు తాళ్ళ మీదే ఉండిపోయాయి. విప్పితే అడవిలో పడి పారిపోతాయేమో, మూడింటికీ ఒక నీడ చూపిద్దామని వస్తే చేజేతులా అడవి పాలు చేసినట్టవుతుందేమో. ఆ భయం ఆయన వేళ్ళలో కనపడింది. ముడులు విప్పడానికి చాలాసేపు పట్టింది. నేను సాయం చేయబోతే వద్దన్నారు. తాడు జారగానే అమ్మాజీ లేచి, గాలిలోకి ముక్కు ఎత్తి, వాగుకి అడ్డంగా పైకి నడిచింది. అది నాలుగు అడుగులు వేసి, వెనక్కి తిరిగి మా కోసం చూసి, మళ్ళీ నాలుగు అడుగులు వేసేది. అలా ముళ్ళ పొదల్లో, బురదలో చాలాసేపు ఎక్కాం. ఒక చోట మేఘం చిరిగినట్టయి పొగ వాసన వచ్చింది. తర్వాత కోడి కూత వినిపించింది. యోహాను గారు గొంగళి కప్పుకుని ఎదురొచ్చారు. మేము దిగబోయిన చోటు గురించి చెబితే ఆయన గుండె మీద సిలువ గుర్తు వేసుకుంటారేమో అన్నంత పనయింది. ఆ వంపు తిరగగానే వాగు నిట్టనిలువున లోయలో పడుతుందట. పోయిన వానాకాలంలో గూడెం వాళ్ళ గేదె ఒకటి అక్కడే పోయిందట. దైవసహాయం గారు ఆ మాట వినిపించుకోనట్టు, చారు బాగుందని మెచ్చుకుంటూ అన్నం తిన్నారు.

కుక్కలకి యోహాను గారి భార్య అన్నం పెట్టింది. తూము గిన్నెలో దూర్చిన తల బయటికి తీయలేదు. షట్టరు అప్పుడే ఆ ఇంటి కోళ్ళని పరిచయం చేసుకుంటోంది. అమ్మాజీ తినకుండా గడపలో పడుకుని ఈయన్నే చూస్తోంది. అన్నం పెట్టే చేయి మారింది కాబట్టి, తన పాఠం ప్రకారం, ఆయన లేచారు. ముందు నేను నడిచాను. వాన వెలిసి, దిగే దారంతా కడిగినట్టు ఎండ. నేను కూడా వెనక్కి చూడకుండా దిగాను. కొంత దూరం పోయాక వెనక అడుగుల చప్పుడు లేదని తెలిసింది. తిరిగి చూస్తే ఆయన దారి మధ్యలో, గూడెం వైపు మొహం పెట్టి నిలబడి ఉన్నారు. పై నుంచి అమ్మాజీ వస్తోంది. పరిగెత్తడం లేదు, తొందర లేకుండా, దారి తెలిసిన దానిలాగా వస్తోంది. పోవే, పో, అంటున్నారాయన. అది ఆయనకే వినపడేంత గొంతు.

వెనక్కి తిరిగారా సార్ అని అడిగాను. తిరగలేదు, బూటు లేసు ఊడితే కట్టుకుంటున్నాను, అన్నారు. ఆయన కాళ్ళకి ఉన్నవి చెప్పులు.

దిగువన కాచుకుని ఉన్న ట్రాలీ ఆటోలోకి అందరికంటే ముందు అమ్మాజీ ఎక్కింది. రంపచోడవరం దాటాక ఆయన, అది నీ మాట వింటుందమ్మాయ్, అన్నారు. అది నా మాట ఎప్పుడూ వినలేదని, నాకు కుక్కలంటే భయమని, చేరిన రోజే కదా చెప్పానని మొత్తుకున్నాను. నీ క్వార్టరుకి వెనక పెరడు ఉంది కదా, అన్నారు. ధవళేశ్వరం వచ్చేదాకా పోట్లాడాను. చివరికి ఏమైందో మీకు వేరే చెప్పక్కర్లేదు. పోనీ అప్పగించి ఊరుకున్నారా? రిటైరయ్యాక రోజూ పొద్దున్నే రాజమండ్రి నుంచి బస్సెక్కి వచ్చేవారు. అన్నంలో మజ్జిగ ఎందుకు పోశావు, గిన్నె ఎందుకు మార్చావు, గోళ్ళు ఎందుకు కత్తిరించలేదు అని నా ప్రాణం తీసేవారు. అమ్మాజీతో గట్టు మీద తిరిగి, మా ఆఫీసులో టీ తాగి, కొత్తగా వచ్చిన వాళ్ళెవరైనా ఉంటే ఆ కొండ కథ మొదలుపెట్టేవారు. ఆ కథలో వాగు వెంట పోదామని మారాం చేసింది నేనట. కుక్కల్ని వదిలి దారి పట్టించింది ఆయనట. నేను ఫైళ్ళు పక్కన పడేసి లేచేదాన్ని. ఇక చూడండి, ఆఫీసు ఆఫీసంతా తమాషా. ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు మహానుభావుడు. నాకు బదిలీ అయ్యాక కూడా, అమ్మాజీని చూసే వంకతో నెలకోసారి బస్సెక్కి వచ్చి, అదే కథ అలాగే చెప్పి, నాతో అదే తగువు పడి వెళ్ళేవారు.

పోయిన ఆషాఢంలో ఆయనకి బాగాలేదని తెలిసి రాజమండ్రి వెళ్ళాను. కమలమ్మ గారు లిఫ్టు దగ్గరే నన్ను ఆపి చెప్పారు. డాక్టర్లు ఇంక చేయగలిగింది లేదన్నారట. ఆయనకి చెప్పలేదు, నువ్వు కూడా బయటపడకమ్మా, అన్నారు. లోపల ఆయన మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉన్నారు. సగానికి సగం అయిపోయారు. వాళ్ళ చర్చి కొత్త పాస్టరు గారు ఆయన్ని చూడటానికి వచ్చి పక్కన కుర్చీలో ఉన్నారు. నన్ను చూడగానే, ఇదిగో, ఆ కొండ మీద నన్ను వాగులో తోయబోయిన అమ్మాయి ఈవిడే, అని పరిచయం చేసి కథ అందుకున్నారు. మధ్యలో రెండుసార్లు ఊపిరి కోసం ఆగారు. ఈ అమ్మాయి వాగు వెంట పోదామని ఒకటే గొడవండీ, నేనే ఆపాను, అని చెప్పి నా వైపు తిరిగి ఎదురు చూశారు.

“అవునండీ,” అన్నాను.

ఆయన నన్ను చాలాసేపు చూశారు. ఆ తర్వాత గుమ్మంలో ఉన్న కమలమ్మ గారిని చూశారు.

“ఈ అమ్మాయికి కూడా చెప్పేశావా కమలా? డాక్టరు ఏమన్నాడు?” అని నెమ్మదిగా అడిగారు.

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పాస్టరు గారు తల వంచుకున్నారు. నాకు ఏడుపు, కోపం రెండూ కలిసి వచ్చాయి. ఈ మనిషికి జాలి చూపించే దారి కూడా మూసేశారు కదా అనిపించింది. అయినా ఊపిరి తీసుకుని చెప్పాను.

“మీరు చెప్పింది శుద్ధ తప్పు సార్. వాగు వెంట పోదామన్నది మీరు. చొక్కా పట్టుకుని ఆపింది నేను.”

ఆయన మొహంలోకి రంగు వచ్చింది. దిండు మీద నుంచి కొంచెం లేచి కూర్చున్నారు. చొక్కా ఎప్పుడు పట్టుకున్నావన్నారు. బొత్తాం ఊడిపోయింది, కావాలంటే ఆంటీని అడగండి అన్నాను. ఆ బొత్తాం ముందే వదులుగా ఉందన్నారు. కమలమ్మ గారు ఏడుస్తూనే నవ్వారు. టీ చల్లారిపోయేదాకా పోట్లాడుకున్నాం. నువ్వు చెప్పింది తప్పు అని తేల్చి, అలిసిపోయి కళ్ళు మూసుకున్నారు. నేను లేచి వస్తుంటే, కళ్ళు తెరవకుండానే, అమ్మాజీకి మజ్జిగ పోయకు, అన్నారు. ఆ తర్వాత ఆయన్ని మళ్ళీ చూడలేదు.

ఇప్పుడు నేనే డీఈని. నా కింద ఒక కొత్త ఏఈ ఉంది. తెలివైన పిల్ల. ఇందాక ఆ పిల్లని పిలిచి, ఈ ముసురు చాలు, శివారు తూములన్నీ వారం రోజుల పాటు దించేయమని చెప్పాను. రేపు ముసురు పట్టినా చెరువు లాంటి పల్లం చేలకి తప్ప చాలదని, మెరక నారుమళ్ళు ఇంకా నీళ్ళ కోసం చూస్తున్నాయని నిన్న సాయంత్రం నాతో చెప్పింది ఆ పిల్లే. నా మొహం చూసింది, చేతిలో పెన్ను చూసుకుంది, సరేనండి మేడం, అంది. నాకు ఎక్కడి నుంచి వచ్చిందో అంత గొంతు, నాకే తెలియదు.

“సరేనండి అనకమ్మాయ్!”

బల్ల కింద పడుకున్న అమ్మాజీ దిగ్గున లేచింది. పొర కమ్మిన కన్నుతో, బాగున్న కన్నుతో గదంతా వెతికింది. తర్వాత వరండాలోకి నడిచి, బస్సులు ఆగే వైపు చెవులు నిక్కించి, వానలో నిలబడింది. ఎంత పిలిచినా లోపలికి రావడం లేదు.